ఒక కుర్చీ తక్కువ

కుర్చీలు ఒకటి తక్కువ చాలన్నారంటే ఒకరు రావడం లేదని కాదు, వచ్చినవాళ్ళలో ఒకరు నిలబడాలని, ఆ మాత్రం నాకు తెలుసు, చిన్నప్పటినుంచీ సంఘాలూ కూటాలూ చూస్తూ పెరిగినదాన్ని, భీమవరం పక్క మా ఊళ్ళో నాన్న సంఘపెద్దగా ఉన్న రోజుల్లో ఎవరినైనా విచారించాలంటే ముందు వాళ్ళ కుర్చీ తీయించేవారు, మనిషిని నిలబెట్టి అడిగితే జవాబు ఏదైనా తప్పులాగే వినబడుతుంది, ఇక్బాల్‌కి ఇవేమీ పట్టవు, మా బిల్డింగ్ నాతూర్ కదా, వాచ్‌మన్ అంటే ఈ మస్కట్‌లో ఎవరికీ అర్థం కాదు నాతూర్ అనాలి, నిజామాబాద్ మనిషి, బాల్కనీలోంచి నీలం కుర్చీల దొంతర లాక్కుపోతూ, అక్కా, పైన మేడమ్ గీసారి ఒకటి తక్వ తెమ్మన్నది, జెర తలుపు పట్టుకో అన్నాడు, పట్టుకున్నాను, ఎప్పుడూ పట్టుకుంటూనే ఉంటాను, తలుపులు పట్టుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది, దొంతర వెళ్ళిపోయింది, బాల్కనీలో ఆ ఒక్క కుర్చీ మిగిలింది, దాని వీపు మీద నేను నెయిల్ పాలిష్‌తో పెట్టిన చిన్న చుక్క, పక్కనున్న పెళ్ళి హాలువాళ్ళ ఇలాంటి కుర్చీలతో కలిసిపోకుండా పెట్టింది, సిలువ పెట్టమన్నారు మావాళ్ళు, చుక్క చాల్లెండి దేవుడికి అర్థమవుతుంది అన్నాను, నేను మళ్ళీ వచ్చి హాల్లో కింద కూర్చుని గోంగూర ముందేసుకున్నాను, సహం అనే ఊరి తోటల్లో పనిచేసే గంగన్న వారంవారం తెచ్చి అమ్మే కట్టలు, కాడలు తుంచుతూ ఉంటే బొటనవేలు నల్లబడుతుంది, నల్లబడనీ, అంతకన్నా ఏం పని దానికి.

ఆ కుర్చీలు నిజానికి మా ప్రార్థన కూటానివి, మస్కట్ శివారు మబేలాలో ఉండే తెలుగువాళ్ళం శుక్రవారం సాయంత్రం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో కూడుకుంటాం, బాల్కనీ ఉన్న ఇల్లు మాదొక్కటే కాబట్టి కుర్చీల కాపురం మా ఇంట్లో, గురువారం మధ్యాహ్నం మాత్రం అవి పై అంతస్తుకి, అవాతిఫ్ ఇంటికి వెళ్ళొస్తాయి, అవాతిఫ్‌ది సూడాన్, ఒమ్‌దుర్మాన్‌లో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరు, వాళ్ళ దేశంలో ఇద్దరు జనరల్స్ కొట్టుకోవడం మొదలుపెట్టాక ఇల్లు వదిలేసి తమ్ముడి దగ్గరికి వచ్చేసింది, తమ్ముడు సోహార్‌లో స్టీలు కంపెనీలో పనిచేస్తూ వారాంతానికి ఇంటికొస్తాడు, అతను రాకముందే ఈ ఆడవాళ్ళ సభ, అందరూ ఆమెలాగే యుద్ధం తరిమితే వచ్చినవాళ్ళు, మన చీరకి అక్కలాంటి బట్ట చుట్టుకుని ఒక్కొక్కరే లిఫ్టులో పైకి వెళ్తారు, యుద్ధం ఆపమని బయట దేశాల్లో ఉన్న సూడాన్ స్త్రీల తరఫున ఒక ప్రకటన తయారుచేసి, చర్చలు జరిగే చోట చదివించాలని వాళ్ళ ఆశ, ప్రకటన ఎంతవరకూ వచ్చిందమ్మా అని అడిగితే రెండో వాక్యం దగ్గర ఆగిందంది, యుద్ధం మొదలుపెట్టింది ఎవరో పేరు పెట్టి రాయాలా, ఇద్దరినీ కలిపి తిట్టాలా అని తగువు, వాక్యం తెగేలోపు యుద్ధం అయిపోతుందేమో అనబోయి ఊరుకున్నాను, మాకు మాత్రం ఏం తక్కువ, పాటకి కీబోర్డు వాయించాలా కంజీర చాలా అన్న తగువులో మా కూటం ఓసారి రెండు ముక్కలై రంజాన్ సెలవుల్లో మళ్ళీ అతుక్కుంది, ఇద్దరు మనుషులూ ఒక సత్యమూ ఉంటే చాలు రెండు సంఘాలు పుడతాయి.

ఈ దేశం ఎవరి పక్షమూ కాదు, అదే దీని గొప్ప, బయట కొట్టుకునే దేశాలవాళ్ళు ఇక్కడికొచ్చి చల్లటి గదుల్లో ఖర్జూరాలు తింటూ మాట్లాడుకుంటారని వార్తల్లో చెప్తారు, కానీ ఇళ్ళల్లో నలుగురు గుమిగూడితే మాత్రం ఎవరికీ నచ్చదు, రాజకీయమైనా ప్రార్థనైనా, అందుకే మేం చెప్పులు బయట విడవం, గుమ్మం ముందు చెప్పుల గుంపు కనబడితే ఇంట్లో గుంపు ఉన్నట్టు, అందరివీ లోపలికి తెచ్చి బాత్రూమ్ పక్కన వరస పెడతాం, ఈ చిట్కా అవాతిఫ్‌కి నేర్పింది నేనే, మొదటిసారి వాళ్ళ గుమ్మం ముందు చెప్పుల కుప్ప చూసి తలుపు కొట్టి, మీ సభ ఎంత పెద్దదో కింద కూరగాయలవాడికి కూడా తెలుస్తోంది అన్నాను, ఆమె నవ్వలేదు, వంగి చెప్పులన్నీ ఒళ్ళో వేసుకుని లోపలికి తీసుకెళ్ళింది, మర్నాడు అల్లం వేసిన కాఫీ తెచ్చింది, అలా మొదలైంది మా స్నేహం, చెప్పులతో.

పైన కుర్చీలు జరుగుతున్నాయి, ప్లాస్టిక్ కాళ్ళు నేల మీద గీసుకున్న చప్పుడు నా నడినెత్తిన వినబడుతుంది, ఆ చప్పుడుని బట్టి ఎంతమంది కూర్చున్నారో చెప్పగలను, ఇవాళ త్వరగా కూర్చున్నారు, మాటలు లేవు, నిన్న అవాతిఫ్ వచ్చి ఇదే సోఫాలో కూర్చుని చెప్పినప్పుడు కూడా గొంతులో ఏమీ లేదు, అక్కడ తను వదిలొచ్చిన ఇల్లు కాలిపోయిందని చెప్పిన రోజు ఏ గొంతో అదే గొంతు, మేరీ, మా మధ్య మాటలు మోసే మనిషి ఉంది, మా సూడాన్ వాళ్ళ ఫోన్ గ్రూపులో ఎవడో రాశాడు, మబేలాలో ఆడవాళ్ళ పార్లమెంటు నడుస్తోందట, గురువారమట, రెండో వాక్యం దగ్గర కొట్టుకుంటున్నారట, ఇది చదివి అక్కడ మా అన్నయ్య ఇంటికి మనుషులు వెళ్ళారు, నీ చెల్లెలు మస్కట్‌లో ఏం రాస్తోంది అని అడిగి వెళ్ళారు, ఇంకా ఏమీ చేయలేదు, అడిగి వెళ్ళారు అంతే, అంది, నేను అయ్యో అన్నాను, అయ్యో అనడం నాకు అలవాటు, లోపల ఏమీ కదలకపోయినా నోరు దాని డ్యూటీ అది చేస్తుంది, ఎవరో తెలిసిందా అంటే, తెలిసింది, ఇహ్సాన్, అంది, ఇహ్సానా అన్నాను, ఇహ్సాన్ అవాతిఫ్ ఇంట్లోనే వెనక గదిలో కూతురితో ఉంటుంది, భర్త ఎక్కడున్నాడో తెలియదు, ఆ భర్తకి తమ్ముడి వరస ఒకడు ఒక జనరల్ సైన్యంలో ఉన్నాడని మొదటినుంచీ కొందరికి గుర్రు, కానీ సాక్ష్యం అది కాదు, సాక్ష్యం ఏమిటంటే ఆ రాసినవాడు నన్ను ప్రొఫెసర్ అవాతిఫ్ అని రాశాడు, నేను ప్రొఫెసర్ని కాదు, బడిపంతులమ్మని, నన్ను వేళాకోళానికి ప్రొఫెసర్ అని పిలిచేది ప్రపంచంలో ఒక్క ఇహ్సానే, అంది అవాతిఫ్.

ఒక్క ఇహ్సానే కాదు, ఆ మాట వినగానే నాకు తెలిసింది, పిడికిట్లో ఉన్న టీ గ్లాసు కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ కింద పెట్టాను, ఎందుకంటే మా కూటంలో ఒక ఆచారం ఉంది, పాటలయ్యాక ఒక్కో కుటుంబం తమ మనవి చెప్పాలి, ఫలానా విషయం కోసం ప్రార్థించండి అని, వీసా రెన్యువలనో, పిల్లల పరీక్షనో, మోకాళ్ళ నొప్పనో, ఊళ్ళో మనం నోరు విప్పి చెప్పుకోలేని ఏ సంగతైనా మనవి అంటే చెప్పేయొచ్చు, పక్కింటి కోడలి సంగతి మామూలుగా చెప్తే చాడీ, కళ్ళు మూసుకుని చెప్తే ప్రార్థన, ఈమధ్య ఓ శుక్రవారం మా వంతు వచ్చింది, మా ఆయన మనోహరం నా వైపు తిరిగి, కుమారీ మన ఇంటి మనవి ఏంటి అన్నారు, నా పేరు మేరీకుమారి, పైవాళ్ళకి మేరీని, ఆయనకి కుమారిని, నేను ఏమీ లేదండీ అన్నాను, నిజంగానే ఏమీ లేదు, వెతికాను, బీరువాలో చివరి అర వెతికినట్టు వెతికాను, ఏమీ తగల్లేదు, అందరూ చూస్తున్నారు, ఏమీ లేదంటే విశ్వాసం తగ్గిందని అర్థం, లేదా మరీ డబ్బు ఎక్కువైందని, ఆ ఖాళీని చూసి మనోహరం గారికి జాలేసినట్టుంది, గొంతు సవరించుకుని, మా పై ఇంట్లో సూడాన్ సహోదరి ప్రొఫెసర్ అవాతిఫ్ గారని ఉన్నారు, వాళ్ళ దేశంలో యుద్ధం ఆగాలని గురువారం గురువారం స్త్రీలందరినీ కూర్చోబెట్టి ఒక ప్రకటన రాస్తున్నారు, రెండో వాక్యం దగ్గర అభిప్రాయభేదం వచ్చింది, ప్రభువు వారికి ఏకమనసు ఇవ్వాలని ప్రార్థించండి అన్నారు, ఇవన్నీ నేను అన్నం వడ్డిస్తూ చెప్పిన కబుర్లే, ప్రొఫెసర్ ఒక్కటి ఆయన సొంతం, మా ఆయన ప్రార్థనలో అందరికీ ప్రమోషన్ వస్తుంది, కాంపౌండరు డాక్టరవుతాడు, దగ్గు న్యుమోనియా అవుతుంది, మరీ చిన్న విషయాలతో దేవుణ్ణి లేపడం ఆయనకి మొహమాటం, అందరూ ఆమేన్ అన్నారు, నేనూ అన్నాను.

ఫేబా కూడా ఆమేన్ అంది, ఫేబా సోహార్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు, సెలవు దొరికిన వారం మా కూటానికి వస్తుంది, మనసు వెన్న, చేతికందిన మనవిని ఊరికే వదలదు, నిన్న అవాతిఫ్ వెళ్ళగానే దానికి ఫోన్ చేశాను, ఏమే, ఆ సూడాన్ వాళ్ళ సంగతి ఎక్కడైనా అన్నావా అంటే, ఒక్కళ్ళతోనే అన్నా వదినా, మా వార్డులో సూడాన్ డాక్టరమ్మ ఉంది, పాపం ఎప్పుడూ దిగులుగా ఉంటుంది, మీ ప్రొఫెసర్ గారి కోసం మా తెలుగువాళ్ళంతా ప్రార్థన చేస్తున్నామండీ, ధైర్యంగా ఉండండి అన్నాను, ఆవిడ ఎంత ఆసక్తిగా వింది వదినా, ఎక్కడ, ఎప్పుడు, ఏ బిల్డింగ్ అని అన్నీ అడిగింది, అంది, ఆసక్తిగా వినదూ మరి, నేను ఫోన్ పెట్టేశాను, కోపం రావాలి కదా అని చూసుకున్నాను, రాలేదు, కోపం వచ్చే చోట చల్లగా మొద్దుగా ఉంది, పన్ను పీకించుకున్నాక చిగుళ్ళు ఉన్నట్టు, కొరికినా తెలియదు.

ఎప్పటినుంచి ఇలా అంటే చెప్పలేను, నాన్న పోయారని ఫోన్ వచ్చినప్పుడు గారెలు వేయిస్తున్నాను, నూనె కాగుతోంది, పిండి ఉంది, వాయి పూర్తిచేశాను, తర్వాత ఇంకో వాయి కూడా, అప్పుడు అందరూ ఎంత నిబ్బరమో అన్నారు, నిబ్బరం కాదని నాకు తెలుసు, మనోహరం గారు తను పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించారు, డి విటమిన్ లేదన్నారు, ఇంత ఎండలో ఉండి ఎండ విటమిన్ లేకపోవడం నాకే సాధ్యం, వారానికో మాత్ర ఇచ్చారు, వేసుకుంటున్నాను, ఎముకలు బాగానే ఉన్నాయి.

ఇందాక ఆయనకి ఫోన్ చేశాను, డయాలసిస్ యూనిట్‌లో డ్యూటీ, వెనకాల మెషీన్లు కూస్తున్నాయి, ఏమండీ, ఇవాళ పైన ఇహ్సాన్‌ని నిలబెట్టి అడుగుతారు, ఇంట్లోంచి పంపించేస్తారు, ఈ ఊళ్ళో సూడాన్ వాళ్ళెవరూ గుమ్మం తొక్కనివ్వరు, పిల్లని పెట్టుకుని ఎక్కడికి పోతుంది, నేను వెళ్ళి ఆ మాట మన ఇంట్లోంచి పోయిందని చెప్తాను అన్నాను, ఆయన నెమ్మదిగా, మనకెందుకు కుమారీ, చెప్తే మన కూటం సంగతీ బయటికొస్తుంది, కూటంలో అందరికీ ఉద్యోగాలున్నాయి, వాళ్ళ దేశం గొడవ వాళ్ళే తేల్చుకుంటారు, మనం ఎవరి పక్షమూ కాదు, అన్నారు, మంచి మనిషి, నిజంగా బాధపడ్డారు, ఫోన్ పెట్టేముందు ఆ ఇహ్సాన్ కోసం కూడా ప్రార్థన పెడదాం అన్నారు, అప్పుడు భయమేసింది నాకు.

భయమేసింది అని ఇప్పుడు గోంగూర తుంచుతూ అనుకుంటే వింతగా ఉంది, వేసిందా, వేసినట్టే ఉంది, ఈ గోంగూర ఇహ్సాన్‌కి తెలుసు, మొదటిసారి కిందికొచ్చినప్పుడు ఎర్ర కాడ పట్టుకుని వాసన చూసి, ఇది మాది, మా ఊళ్ళో దీని పువ్వు ఎండబెట్టి మరిగించి తాగుతాం, ఆకు ఎవరైనా తింటారా అని పగలబడి నవ్వింది, అంత నవ్వు ఈ ఇంట్లో గోడలకి కొత్త, తర్వాత పక్కన చతికిలబడి నాకంటే వేగంగా తుంచింది, మా ప్రొఫెసర్‌కి చెప్పకండి, ఇండియా వాళ్ళకి పనిచేశానని కమిటీలో పెడుతుంది అంది, కూతురు మా కుర్చీల దొంతర ఎక్కి పైన కూర్చుని రాణీగారిలా చూసేది, ఒకసారి ఇహ్సాన్ అడిగింది, మేరీ, నువ్వు ఎవరి పక్షం అని, నేను మా ఆయన డ్యూటీ చార్టు పక్షం అన్నాను, నవ్వింది, నవ్వుతూనే, అదృష్టవంతురాలివి, మాకు ఏ పక్షమూ లేదన్నా ఎవరో ఒకరు ఇంటికొచ్చి అడుగుతారు అంది, ఇప్పుడు పైన ఒక్క గొంతే వినబడుతోంది, అవాతిఫ్‌ది, పిల్లలకి డిక్టేషన్ చెప్తున్నట్టు ఆగి ఆగి, కుర్చీ ఏదీ కదలడం లేదు, నిలబడ్డ మనిషి కాళ్ళు చప్పుడు చేయవు కదా, గోంగూర అయిపోయింది, కాడలు ఒక పక్క, ఆకులు ఒక పక్క, కడగాలి, ఉప్పు నీళ్ళలో వేయాలి, బాల్కనీలో ఆ కుర్చీ ఎండకి ఒంటరిగా మెరుస్తోంది, ఎండకి పెళుసెక్కి విరిగిపోతుందని లోపల పెట్టాలనుకుని లేచాను, అంతే అనుకున్నాను, లోపల పెట్టాలని, పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, చురుక్కుమంది నిజంగానే, వదల్లేదు, దాన్ని పట్టుకుని హాలు దాటాను, హాల్లో ఆగవలసింది, ఆగలేదు.

లిఫ్టులో కుర్చీతో ఎవరైనా చూస్తే ఏం చెప్పాలని మెట్లెక్కాను, మెట్ల మీద కుర్చీ కాలు రెయిలింగుకి కొట్టుకుని బిల్డింగంతా మోగింది, రహస్యంగా వెళ్ళడం కూడా నాకు చేతకాదు, ఏం చెప్పాలో ఇంగ్లీషులో కూర్చుకుంటున్నాను, మొదటి వాక్యం కుదిరింది, రెండో వాక్యం దగ్గర ఆగింది, మనోహరం గారి పేరు పెట్టాలా, మేము అనాలా, అప్పుడు అర్థమైంది వాళ్ళ తగువు ఎందుకు తెగదో, గుమ్మం ముందు ఒక్క చెప్పు లేదు, నేర్పిన పాఠం చక్కగా పాటిస్తున్నారు, తలుపు కొట్టాను, అవాతిఫ్ తీసింది, నన్ను చూసి, నా చేతిలో కుర్చీ చూసి, ఒకటి తక్కువే చాలన్నాను మేరీ అంది, తెలుసు అన్నాను, తెలుసు కాబట్టే తెచ్చాను అని ఆమె పక్కనుంచి లోపలికెళ్ళాను, కాఫీ కాచినట్టు లేదు, అల్లం వాసన లేదు, అందరూ మా నీలం కుర్చీల్లో గుండ్రంగా కూర్చున్నారు, ప్రార్థనకి కూర్చున్నట్టే, ఫ్రిజ్ పక్కన ఇహ్సాన్ నిలబడి ఉంది, చేతులు కట్టుకుని, ఏడవడం లేదు, ఆ ముఖం నాకు బాగా తెలిసిన ముఖం, వాయి పూర్తిచేస్తున్న ముఖం.

చెప్పాను, ఇహ్సాన్ కాదు, ఆ మాట మా ఇంట్లోంచి పోయింది, నువ్వు నాకు చెప్పినవి నేను ఇంట్లో చెప్పాను, మేము శుక్రవారం కూడి ప్రార్థన చేస్తాం, మీ కోసం ప్రార్థన చేశాం, నా భర్త నిన్ను ప్రొఫెసర్ అన్నాడు, గౌరవానికి అన్నాడు, అక్కడినుంచి పోయింది, ఎవరి నోట పోయిందో అడగకండి, మంచి మనసుతోనే పోయింది, అని, ఇంత పిచ్చి సంగతి ఇంత పెద్ద గదిలో నేనెప్పుడూ చెప్పలేదు, ఎవరూ నవ్వలేదు, అవాతిఫ్ మిగతావాళ్ళకి అరబీలో చెప్పింది, ఒక పెద్దామె ఏదో అడిగింది, అవాతిఫ్ తిప్పి నన్ను అడిగింది, ప్రార్థన దేవుడికి కదా చెప్తారు, మరి ఇంకెవరికి చెప్పారు, నేను అన్నాను, దేవుడికే, గదిలో ఉన్నవాళ్ళు కూడా విన్నారు, పెద్దామె తల ఊపింది, వాళ్ళల్లోనూ ఉంటుందేమో ఈ ఆచారం, అవాతిఫ్ నా వైపు చూస్తూనే ఉంది, మా అన్నయ్య ఇంటికి మనుషులు వెళ్ళారు మేరీ అంది, నిన్న చెప్పిన మాటే, నిన్న సోఫాలో విన్నప్పుడు నోరు అయ్యో అంది, ఇవాళ అది తిన్నగా కిందికి దిగింది, ఆ మనుషులు నా గుమ్మం ముందు నిలబడి అడిగినట్టు దిగింది, కుర్చీ అక్కడ పెట్టు అంది అవాతిఫ్, ఫ్రిజ్ పక్కన పెట్టాను, ఇహ్సాన్ దాన్ని చూసింది, అవాతిఫ్‌ని చూడలేదు, నన్నూ చూడలేదు, మెల్లగా కూర్చుంది, వేడిగా ఉన్నట్టుంది, ఒక్క క్షణం లేచి బట్ట సర్దుకుని మళ్ళీ కూర్చుంది, ఇక నువ్వు వెళ్ళు మేరీ అంది అవాతిఫ్, కోపంగా కాదు, ఇల్లు కాలిందని చెప్పిన గొంతుతో, తలుపు నా వెనకాల పడింది, ఈసారి నేను పట్టుకోలేదు.

మెట్లు దిగుతున్నాను, ఏడుపు వస్తుందేమో అని లిఫ్టు కోసం చూసినట్టు కాసేపు చూశాను, రాలేదు, కానీ రెయిలింగు వేడిగా ఉందని తెలుస్తోంది, అరచెయ్యి మండుతోందని తెలుస్తోంది, బొటనవేలి నలుపు కనబడుతోంది, మనోహరం గారికి రాత్రి భోజనంలో గోంగూరతో పాటు ఈ సంగతి కూడా వడ్డించాలి, ఆయన బాధపడతారు, కూటంవాళ్ళు కొన్నాళ్ళు మా ఇంటికి రారు, రేపు మా ఇంట్లోనే అనుకున్నారు, వస్తే కుర్చీలు పైనే ఉన్నాయి, చాప వేయాలి, చాప మీద కూర్చుని ఎప్పటిలా అడుగుతారు, మేరీకుమారి గారూ మీ ఇంటి మనవి ఏంటమ్మా అని, నేను ఎప్పటిలా బీరువా చివరి అరలో వెతుక్కోనక్కర్లేదు, ఉంది, ఈసారి ఒకటి ఉంది, పైన మళ్ళీ కుర్చీలు కదులుతున్నాయి, ఎవరో మాట్లాడుతున్నారు, ఎవరో అడ్డుపడుతున్నారు, రెండో వాక్యం కాబోలు, నా మనవి చాలా చిన్నది, వచ్చే గురువారం ఇక్బాల్ వచ్చి కుర్చీలు అడగాలి, ఎన్ని అన్నది అవాతిఫ్ ఇష్టం, అడగాలి అంతే, అది నాకు కావాలి, ఎంత కావాలో తెలిసి మెట్ల మధ్యలో ఆగిపోయాను, ఇంతగా ఏదైనా కావాలనుకుని ఎన్నాళ్ళైంది, రేపు అడిగితే మాత్రం ఏమీ లేదండీ అంటాను, ఇది ఎవరికీ చెప్పను.